అంబాజీపేట దగ్గర తోట అమ్మి రాజమండ్రిలో ఫ్లాటు కొనవచ్చా?

అమలాపురం వాసి:
అంబాజీపేట దగ్గర పల్లెలో మా ఇద్దరన్నదమ్ములకు 80 సెంట్ల కొబ్బరితోట ఉంది. 48 లక్షలకు బేరం వచ్చింది. ఖర్చులు పోగా తోట మీద ఏడాదికి 60 వేలు మించడం లేదు. "చెట్టెక్కి కాయల దింపు తీసే మనిషే దొరకడం లేదు. అమ్మేసి రాజమండ్రిలో 45 లక్షల ఫ్లాటు కొందాం, నెలకు 12 వేల అద్దె వస్తుంది" అని హైదరాబాదులో ఉండే తమ్ముడు పట్టుబడుతున్నాడు. లెక్క వాడి వైపే ఉంది, నాకే మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాజమండ్రి నుంచి:
లెక్క మీ తమ్ముడుగారి వైపు లేదండి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి 7.5 శాతం. 45 లక్షలకు 3,37,500 రూపాయలు. మీ 48 లక్షలు తాళం చేతికి రాకముందే చాలలేదు.

దానవాయిపేటలో నాకూ ఒక ఫ్లాటు ఉంది, అద్దె అదే 12 వేలు. నిరుడు మేలో అద్దెవాళ్లు ఖాళీ చేశారు. తలుపు తీస్తే పడకగది గోడ నిండా చెమ్మ పొక్కులు. వంటగది గట్టు కింద పైపు కారి చెక్క అరలు ఉబ్బిపోయాయి, తలుపులు మూసుకోవడం లేదు. మరమ్మతుకూ రంగులకూ 41 వేలు అయింది. రెండు నెలలు ఖాళీగా ఉంది, ఆ రెండు నెలల మెయింటెనెన్స్ 3 వేలు నేనే కట్టాను. ఇంటి పన్ను 6 వేలు. పది నెలల అద్దె లక్షా ఇరవై వేలలో మిగిలింది 70 వేలు. 45 లక్షల మీద అది 1.6 శాతం కూడా కాదు. పైగా భవనం ఏటికేడు పాతబడుతుంది, ధర పెరిగేది మన వాటాకు వచ్చే కొద్ది గజాల నేలకే.

పాలకొల్లు నుంచి (పన్ను లెక్కలు రాస్తుంటాను):
ఆదాయపు పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. తోటకు దగ్గరి పురపాలక సంఘం జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే, దాని హద్దు నుంచి నేరుగా కొలిచిన 2 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి మూలధన ఆస్తి కిందికి రాదు. అమ్మితే లాభంపై పన్ను లేదు. కాయల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికీ పన్ను లేదు. ఫ్లాటు అద్దెలో అయితే 30 శాతం మినహాయించి మిగతాది మీ ఆదాయంలో కలుపుతారు. రెండేళ్లు దాటాక అమ్మినా లాభంపై 12.5 శాతం కట్టాలి. 2024 జూలై 23 నుంచి కొన్న ఆస్తికి ద్రవ్యోల్బణం సర్దుబాటు, అంటే ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపే వీలు, కూడా లేదు. పన్ను లేని ఆస్తిని వదిలి పన్ను ఉన్న ఆస్తిలోకి వెళుతున్నారు, అది తెలిసి వెళ్లండి.

భీమవరం నుంచి:
తోటే మేలంటే నేను ఒప్పుకోను. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో మా అమ్మగారి పుట్టింటి తోట ఒక్క రాత్రిలో నేలకొరిగింది. మళ్లీ నాటి కాయ కోసేసరికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్ల ఆదాయం ఏ పద్దులో రాస్తారు? ఇప్పుడు తెల్లదోమ పురుగు ఒకటి. అమలాపురం అన్నయ్యగారూ, దింపు రోజున తోటలో నిలబడేది మీరే కదా. ఆ రోజులకు మీకు కూలి ఎవరిస్తున్నారు? మీ 60 వేలలోంచి అదీ తీసేసి చూడండి. ఉమ్మడి ఆస్తి ఉమ్మడిగానే పిల్లల చేతికి వెళితే, రేపు వకీలు ఖర్చు తోట ఫలసాయాన్ని మింగేస్తుంది.

అమలాపురం వాసి:
కూలి మాట గట్టిగా తగిలిందమ్మా. రెండు నెలలకోసారి సెలవు పెట్టి వెళుతున్నాను, ఎన్నడూ లెక్కలో వేసుకోలేదు. తమ్ముడితో మాట్లాడాను. సంక్రాంతికి వస్తున్నాడు, ముందు పంపకం దస్తావేజు రాయించుకుంటాం. తన 40 సెంట్లు అమ్ముకుంటానంటే అది వాడిష్టం. నా 40 సెంట్లు మాత్రం అమ్మను, కొబ్బరి నీడన కోకో వేస్తాను. వేసినవారు ఎన్నో ఏట కాపు చూశారో, గింజ ఎక్కడ అమ్ముతున్నారో చెప్పండి.