ల్యూక్‌కి ఇంటిపేరు ఎందుకు మార్చలేదు? ఇది లొసుగా, కాదా?

గంటస్తంభం (విజయనగరం):
సంక్రాంతికి అక్క పిల్లలు వచ్చారు. మూడు రోజుల్లో స్టార్ వార్స్ మొదటి ఆరు సినిమాలూ చూపించాను. 1999, 2002, 2005లో వచ్చినవి ముందు, 1977, 1980, 1983వి తర్వాత. తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: అనాకిన్ స్కైవాకర్ చెడిపోయి డార్త్ వేడర్ అవుతాడు. భార్య పద్మే కవలల్ని కని చనిపోతుంది. పిల్లలు శత్రువుల కంట పడకూడదని అనాకిన్ గురువు ఓబీవాన్ కెనోబీ, పెద్ద గురువు యోడా, పద్మే మిత్రుడు బెయిల్ ఆర్గానా కూర్చుని ఎవర్ని ఎక్కడ ఉంచాలో తేల్చుకుంటారు. ఆడపిల్ల బెయిల్ ఇంట్లో లేయా ఆర్గానాగా పెరుగుతుంది. మగపిల్లాడు ల్యూక్‌ని మాత్రం తండ్రి పెరిగిన ఎడారి గ్రహం టాటూయిన్‌కే పంపారు. అదీ తండ్రికి వరసకి సోదరుడయ్యే ఓవెన్ ఇంటికి. ఇంటిపేరు కూడా స్కైవాకరే ఉంచారు.

మా పదకొండేళ్ల మేనల్లుడు అడిగాడు: "దాచిపెట్టినోళ్లు పేరు మార్చరా మావయ్యా?" నా దగ్గర జవాబు లేదు. మొత్తం కథలో ఇంతకన్నా పెద్ద లొసుగు లేదంటాను. కాదనేవాళ్లు రండి.

జీడితోట (పలాస):
హాన్ సోలో అనే ఓడ నడిపేవాడు కెసెల్ రన్ అనే ప్రయాణాన్ని 12 పార్సెక్‌ల లోపే పూర్తి చేశానంటాడు. పార్సెక్ అంటే దూరం, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. వేగం గురించి అడిగితే దూరం చెప్పడం ఏమిటి? పెద్ద లొసుగు అది.

వంశధార ఒడ్డు (శ్రీకాకుళం జిల్లా):
ఇది లొసుగు కాదు మాస్టారూ. 2005 సినిమాలో పద్మే అంతిమయాత్ర మళ్లీ చూడండి. కడుపు ఎత్తుగానే కనిపిస్తుంది. బిడ్డ కూడా కడుపులోనే పోయిందని లోకం అనుకోవాలనే అలా ఉంచారు. ఇక వేడర్‌కి అతని యజమాని అయిన చక్రవర్తి ఏం చెప్పాడు? నీ కోపంలో నువ్వే ఆమెని చంపేశావని. బిడ్డ బతికి ఉందన్న ఊహే లేనివాడు ఎవర్ని వెతుకుతాడు? పైగా టాటూయిన్ ఎక్కడో విసిరేసినట్టుండే చోటు, హట్లనే దొంగల ముఠాల రాజ్యం. వెతికేవాడే లేనప్పుడు పేరు మార్చాల్సిన పనేముంది?

గంటస్తంభం:
వెతికేవాడే లేకపోతే ఓబీవాన్ "బెన్" ఎందుకయ్యాడు? ఇరవై ఏళ్లు ఆ ఎడారిలో ఎందుకు దాక్కున్నాడు? తన పేరు మార్చుకోవాలని తెలిసినవాడికి పసివాడి పేరు మార్చాలని తెలియదా? ఇంకోటి, అనాకిన్ అక్కడ ఊరూ పేరూ లేనివాడేం కాదు. 1999 సినిమాలో తొమ్మిదేళ్లకే పాడ్ రేసు గెలిచాడు. స్టేడియం నిండా జనం చూశారు. స్కైవాకర్ అనగానే ఆ ఊళ్లో గుర్తుపట్టేవాళ్లు వేలమంది ఉంటారు.

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
పురిట్లోనే పోయిన తల్లి ముఖం లేయాకి 1983 సినిమాలో ఎలా గుర్తుంది? ముందు అది చెప్పండి.

వంశధార ఒడ్డు:
బెన్ అయ్యాడు సరే, ఇంటిపేరు కెనోబీని వదిలాడా? లేదు. అది గమనించండి.

అసలు సంగతికి వస్తాను. స్కైవాకర్ అన్నది వేడర్ సంపాదించిన పేరు కాదు. అనాకిన్‌కి తండ్రే లేడని తల్లి ష్మీ స్వయంగా చెప్తుంది. ఆ పేరు ఆవిడది. బానిసగా బతికి, కొడుకుని వదులుకుని, చివరికి ఓవెన్ వాళ్ల పెరట్లో సమాధి అయిన మనిషిది. ల్యూక్ పెరిగింది ఆ సమాధి ఉన్న పెరట్లోనే. నాయనమ్మ పేరు మనవడికి ఉంటే తప్పేమిటి?

గంటస్తంభం:
నాయనమ్మదా, తండ్రిదా అన్నది కాదు ప్రశ్న. ఆ పేరు వింటే జనానికి ఎవరు గుర్తొస్తారన్నదే. మన వైపు కొత్త మనిషి కనపడితే మొదటి మాట "ఎవల తాలూకా?" అనే కదా. ఇంటిపేరు చెప్తే తాత, తండ్రి, పొలం గొడవ, అన్నీ వచ్చేస్తాయి. 1980 సినిమా మొదట్లో తెర మీద నడిచే అక్షరాలు చదవండి. వేడర్‌కి ఆ కుర్రాడి ధ్యాస తప్ప ఇంకోటి లేదు, అంతరిక్షమంతా యంత్రాలు పంపి వెతికిస్తున్నాడు. పేరు బయటికి వచ్చాక జరిగింది అదే. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఖాదీపంచె (పొందూరు):
ఇద్దరూ ఒక్క విషయం చూడటం లేదు. 1977లో సినిమా వచ్చేనాటికి వేడరే తండ్రి అన్న మాట కథలో లేదు. రెండో సినిమాకి లీ బ్రాకెట్ రాసిన మొదటి ప్రతిలో కూడా ల్యూక్ తండ్రి వేరు, వేడర్ వేరు. ఆ తర్వాతే ఈ కథ సృష్టికర్త లూకస్ ఇద్దర్నీ ఒకటి చేశాడు. అంతెందుకు, షూటింగ్ మొదలైనప్పుడు ల్యూక్ ఇంటిపేరు స్టార్‌కిల్లర్. మధ్యలో స్కైవాకర్ చేశారు. కాబట్టి ఇది లొసుగు కాదు, అతుకు. నేతలో మధ్యలో తెగిన పోగుకి ముడి వేసినట్టు.

వంశధార ఒడ్డు:
రాసినవాళ్లు ఎప్పుడు ఏం అనుకున్నారన్నది నాకు అక్కర్లేదు. కథలో ఉన్న పిల్లాడి గురించి మాట్లాడుతున్నాను. గంటస్తంభం గారికి పేరంటే చొక్కా లాంటిది, ప్రమాదం వస్తే విప్పి పారేయొచ్చు. అలా అనగలిగేది ఎప్పుడూ పేరు పోగొట్టుకోనివాళ్లే.

గంటస్తంభం:
పేరు మోయనివాళ్లే పేరు గొప్పదని చెప్తారు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న ఊళ్లో వేసిన చీటీల డబ్బు పట్టుకుని రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. మేం అమ్మమ్మ వాళ్ల ఊరు వచ్చేశాం. కొత్త ఊరు, ఎవరికీ తెలియదనుకున్నాం. కొట్టుకి బియ్యానికి వెళ్లాను. కొట్టాయన తూచి నా సంచిలో పోయబోతూ "ఇంటిపేరేటి బావు?" అన్నాడు. చెప్పాను. తక్కెడ అలాగే వెనక్కి తిప్పి బియ్యం బస్తాలో పోసేశాడు. వాళ్ల బావమరిది మా నాన్న దగ్గర చీటీ కట్టాడట. గింజలు బస్తాలో పడిన చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది నాకు. పేరు మార్చి ఉంటే ఆ రోజు ఇంట్లో అన్నం ఉండేది. ఇప్పుడు చెప్పండి, నాయనమ్మ సమాధి, మనవడి పేరు అని.

వేదిక నిర్వాహకులు:
ఒకరినొకరు వ్యక్తిగతంగా అనుకోవద్దు. సినిమాకి పరిమితం అవుదాం.

జీడితోట:
పార్సెక్ సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు.

వంశధార ఒడ్డు:
నిర్వాహకులు క్షమించాలి, ఇది చెప్పకుండా సినిమా గురించి మాట్లాడలేను.

మాది సముద్రం ఒడ్డు ఊరు. నాకు ఆరేళ్లప్పుడు వేటకి వెళ్లిన మా నాన్న తిరిగి రాలేదు. ముగ్గురు పిల్లల్ని సాకలేక అమ్మ నన్ను పెద్దమ్మకి ఇచ్చేసింది. వాళ్లకి పిల్లల్లేరు. కళ్లలో పెట్టుకుని చూశారు, ఒక్క మాట అనలేను. కానీ బళ్లో చేర్చినప్పుడు పెదనాన్న ఇంటిపేరు రాయించారు. నాకొక రేకు పెట్టె ఉండేది. దాని మూత లోపల మా నాన్న మేకుతో నా పేరు గీశాడు, పాత ఇంటిపేరుతో. పెదనాన్న దాని మీద నీలం రంగు వేశాడు. కోపంతో కాదు, పిల్లలు అడిగితే నేను బాధపడతానని. రంగు వేసినా గీత పోలేదు. వేలు పెడితే తగులుతుంది. రాత్రిపూట పెట్టె తెరిచి చీకట్లో ఆ అక్షరాలు తడుముకునేవాణ్ని.

మీ దృష్టిలో లేయా అదృష్టవంతురాలు, పేరు మారింది, క్షేమంగా ఉంది. కానీ తను ఎవరి బిడ్డో 1983 సినిమాలో ల్యూక్ వచ్చి చెప్పేదాకా ఆమెకి తెలియదు. ల్యూక్ దగ్గర కనీసం ఒక్క మాట ఉంది, పట్టుకుని వెతుక్కోవడానికి. చివరికి తండ్రిని మళ్లీ అనాకిన్ అని పిలిచిందీ ఆ కొడుకే.

ఏడురోడ్లు:
లేయా ప్రశ్న నేనే అడిగాను. ఇక అడగను.

గంటస్తంభం:
కాసేపు ఏం రాయాలో తోచలేదు. మీకు చొక్కా మాట అనిపించేలా నేనే రాశాను. తప్పు నాదే.

అయినా ఒప్పుకోను. ల్యూక్‌కి పేరు ఉంచారు గానీ నిజం చెప్పారా? మీ నాన్న సరుకుల ఓడ మీద దారి చూపే పని చేసేవాడని ఓవెన్ అబద్ధం చెప్పాడు. వేడర్ మీ నాన్నని చంపాడని ఓబీవాన్ చెప్పాడు. పేరు చేతికిచ్చి కథ దాచేశారు. ఎవడో కొట్టువాడి నోట, లేదా చెయ్యి నరికినవాడి నోట వినాల్సి వచ్చింది. నాకు ఆ ఓవెన్ మీద కోపం.

వంశధార ఒడ్డు:
ఓవెన్ మీద నాకూ ఉంది. కానీ పొలంలో చాకిరీ చేసుకునేవాడు పసివాడికి ఎలా చెప్తాడు, ఏ వయసులో చెప్తాడు? మా పెదనాన్నకీ చేతకాలేదు, రంగు డబ్బా తెచ్చుకున్నాడు.

మీ మేనల్లుడికి ఏం చెప్పారు చివరికి?

గంటస్తంభం:
ఏం చెప్పలేదు. వాడి ఇంటిపేరు బావది. మా నాన్న సంగతి వాడికి తెలియదు, తాతయ్య జబ్బుతో పోయాడని అక్క చెప్పింది. నన్నూ అదే చెప్పమంది, చెప్పాను.

నిన్న రాత్రి ఫోన్ చేసి మళ్లీ అడిగాడు, పేరు ఎందుకు మార్చలేదని. ఆదివారం అక్క వాళ్లింటికి వెళ్తున్నాను. ముందు అక్కతో మాట్లాడాలి.

వంశధార ఒడ్డు:
వెళ్లొచ్చాక రాయండి. నేను ఊరెళ్లి అటక మీంచి ఆ పెట్టె దింపుతాను. వెలుతురు పక్కనుంచి పడితే రంగు కింద అక్షరాలు ఫొటోలో వస్తాయేమో చూస్తాను.