అనకోర్టెస్ నుంచి కెచికాన్ దాకా బోట్‌లో, మధ్యలో డీజిల్ ఎక్కడెక్కడ కొట్టించాలి?

గోదారిబాబు_సియాటిల్

అందరికీ నమస్తే అండి. వచ్చే జూన్‌లో వాషింగ్టన్‌లోని అనకోర్టెస్ నుంచి, కెనడా తీరం వెంట దీవుల మధ్య సాగే ఇన్‌సైడ్ పాసేజ్ మీదుగా అలాస్కాలో కెచికాన్ దాకా మా బోట్‌లోనే వెళ్దామనుకుంటున్నాం. ఇన్నాళ్లూ శాన్ వాన్ దీవులు, గల్ఫ్ దీవులు, మహా అయితే డెసొలేషన్ సౌండ్, అంతవరకే. అక్కడిదాకా డీజిల్ గురించి ఆలోచించే పనే పడదు, ఏదో ఒక మెరీనా తగులుతూనే ఉంటుంది. పోర్ట్ హార్డీ దాటాక మ్యాప్ చూస్తేనే గుండె జారుతోంది, కొండలు, నీళ్లు, మళ్లీ కొండలు, ఊరనేదే కనపడదు.

బోట్ 36 అడుగులది, రెండు డీజిల్ ఇంజన్లు, ట్యాంకులు రెండూ కలిపి 300 గాలన్లు. 16 నాట్స్‌లో (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) వెళ్తే గంటకి 24 గాలన్ల దాకా తాగేస్తుంది. యాప్‌లో ఫ్యూయల్ గుర్తులు బానే ఉన్నాయి గానీ కొన్నిటి కింద ఆఖరి కామెంట్ ఎప్పుడో నాలుగేళ్ల కిందటిది, ఆ బంకు ఇంకా ఉందో ఎత్తేశారో ఎలా తెలుస్తుంది? పాత చార్టులో నాము, బ్యూట్‌డేల్ అని పేర్లున్నాయి, అక్కడ దొరుకుతుందా? డెక్ మీద ఎక్స్‌ట్రా క్యాన్లు కట్టుకెళ్లాలా? మా ఆవిడైతే ఒకటే మాట, మధ్యలో ఆగిపోతే దిగి తోసుకెళ్లడానికి అదేం హైవే కాదు అని. ఆవిడకి చూపించడానికైనా ఒక లెక్క చెప్పండి ప్లీజ్.

ఉప్పునీళ్లు

అన్నా ముందుగాల నాము, బ్యూట్‌డేల్ రెండిటినీ మర్చిపో. రెండూ ఒకప్పటి సాల్మన్ క్యానరీలు (చేపల్ని డబ్బాలల్ల నింపే ఫ్యాక్టరీలు), మూతపడి ఏండ్లయింది, ఇప్పుడు కూలిపోతున్న షెడ్లు, కట్టెల ప్లాట్‌ఫారాలు తప్ప ఏం లేవు. చార్టు మీద పేరుంటే అక్కడ మనుషులున్నట్టు కాదు, ఈ తీరం మొత్తం గట్లనే ఉంటది, వందేండ్ల కింద బతికిన ఊర్ల పేర్లు ఇంకా ప్రింట్ అయితనే ఉన్నయి.

ఇగ నమ్మదగ్గ జాగలు చెప్త. క్యాంప్‌బెల్ రివర్, పోర్ట్ మెక్‌నీల్, పోర్ట్ హార్డీ, ఈ మూడిట్ల ఏ టెన్షన్ లేదు. హార్డీ దాటి కేప్ కాషన్ (పసిఫిక్ అలలు నేరుగ తగిలే భూమి కొన) తిరిగినంక రివర్స్ ఇన్‌లెట్‌ల డంకన్‌బీ ల్యాండింగ్, ఇంకొంచెం లోపలికి డాసన్స్ ల్యాండింగ్, ఈ రెండూ ఫిషింగ్ సీజన్‌ను నమ్ముకొని నడిచేటియి కాబట్టి బయల్దేరే వారం ఫోన్ చేసి కనుక్కోవాలె. తర్వాత బెల్లా బెల్లా పక్కన షియర్‌వాటర్, ఆ తర్వాత క్లెమ్టు, తర్వాత హార్ట్లీ బే, ఆఖరికి ప్రిన్స్ రూపర్ట్. గంతే. పెద్ద లిస్టేం కాదు.

దూరాలు సుమారుగా చెప్తున్న, నీ రూట్‌ను బట్టి మారుతయి. హార్డీ నుంచి షియర్‌వాటర్ వంద నాటికల్ మైళ్లకు కొంచెం అటిటు. అక్కడికెళ్లి క్లెమ్టు నలభై. క్లెమ్టు నుంచి రూపర్ట్ వంద దాటి ఇంకో ముప్పై దాకా, నడిమిట్ల హార్ట్లీ బే ఉంటది. రూపర్ట్ నుంచి కెచికాన్ తొంభై చిల్లర.

ఇప్పుడు నీ లెక్క జూడు. 16 నాట్స్‌కు గంటకు 24 గాలన్లంటే గాలన్‌కు మైలున్నర కూడ కాదు, మైలు కూడ కాదు, మైల్ల మూడింట రెండొంతులు. 300ల అడుగున మిగిలే 30 పక్కన పెడితే 270 గాలన్లు, అంటే 180 మైళ్లు. అందుల మూడో వంతు ఎప్పటికీ ముట్టుకోవద్దు, అది గాలికి, పొగమంచుకు, మూసున్న బంకుకు. మిగిలింది 120 మైళ్లు. అంటే హార్డీ నుంచి షియర్‌వాటర్ దాకా పోతవ్, కానీ క్లెమ్టు నుంచి సీదా రూపర్ట్ పోవాలంటే ఆ మూడో వంతుల చెయ్యి పెట్టాల్సిందే.

అదే బోట్‌ను ఏడున్నర నాట్స్‌ల నడుపు. గంటకు నాలుగు గాలన్ల కాడికి దిగుతది (నీ ఇంజన్ల చార్ట్ ఒకసారి చూస్కో), గాలన్‌కు రెండు మైళ్ల దగ్గర్ల వస్తది. అదే 270 గాలన్లకు 500 మైళ్లు. రిజర్వ్ తీసేసినా హార్డీల నింపుకొని రూపర్ట్ దాకా నడుమ ఎక్కడా ఆగకుండ పోవచ్చు. వదినకు ఈ లెక్క చూపెట్టు. క్యాన్లు ఎన్ని కట్టుకున్నా ఇంత ఫరక్ రాదు, ఐదు గాలన్ల క్యాన్ నీకు 16 నాట్స్‌ల మూడు మైళ్లు ఇస్తది, దాని కోసం డెక్ మీద దాన్ని తాళ్లతోని కట్టుడు, అలలకు అది ఊగుడు, అంత అవసరమా.

ఇంకోటి, కరెంట్. క్యాంప్‌బెల్ రివర్ దాటినంక వచ్చే సీమూర్ నారోస్ అనే ఇరుకు దారిల నీళ్లు 15 నాట్స్ దాకా ఉరుకుతయి, అక్కడ నీళ్ల కింద ఉన్న రిపుల్ రాక్ అనే బండను 1958ల పేల్చేసినంక కూడ గట్లనే ఉంది. స్లాక్ టైమ్‌కే (ఆటుపోట్ల నడుమ నీళ్లు నిలబడే టైమ్‌కే) దాటాలె. అది దాటి జాన్‌స్టన్ స్ట్రెయిట్‌ల ఉత్తరానికి పోయేటోనికి ఎబ్ (ఆటు) అనుకూలం, ఫ్లడ్ (పోటు) ఎదురు. నువ్వు 8 నాట్స్‌ల పోతుంటే ఎదురు కరెంట్ 4 ఉంటే ఇంజన్ తాగేది అంతే తాగుతది, నువ్వు నడిచేది సగమే. డీజిల్ ఆదా అంటే టైడ్ టేబుల్ చూసుడే. కాకపోతే మధ్యాహ్నం వాయవ్యం గాలి లేస్తది, ఎబ్ మీద ఆ గాలి ఎదురైతే అలలు నిట్టనిలువు లేస్తయి, అందుకే పొద్దుగాల్నే బయల్దేరి గాలి లేవకముందే ఏదో ఒక మూలకు దూరాలె.

పాల్స్‌బో_దొర

తెరచాప బోట్ కొనుక్కోండయ్యా అంటే వినరు కదా 😄 సరే, నిజం చెప్పాలంటే జూన్‌లో ఆ కాలువల్లో గాలి అయితే ఉండదు, ఉంటే ముక్కు మీదకే కొడుతుంది, మేం కూడా సగానికి సగం ఇంజన్ మీదే వెళ్తాం. కాకపోతే గంటకి ముప్పావు గాలన్ 😎

జాలరిపేట_కుర్రోడు

బాబాయ్, దూరం లెక్క పైన అన్న బాగా చెప్పాడు, నేను డీజిల్ లోపల ఏముందో అది చెప్తాను. మా నాన్న వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు, వేటకెళ్తే పది పదిహేను రోజులు తిరిగి రారు, ఐసు, డీజిలు, రేషను అన్నీ ఒడ్డునే ఎక్కించుకోవాలి, నడి సముద్రంలో బంకుండదు కదా. ఆయన పొద్దున్న లేవగానే టీ కంటే ముందు చేసే పని ఫిల్టరు కింద గిన్నె విప్పి నీళ్లు వదలడం. నేనిప్పుడు షిప్పులో ఇంజనీరుని, ఇక్కడా అదే పని, కాకపోతే మెషిన్లు పెద్దవి.

చిన్న ఊళ్ల బంకుల్లో డీజిల్ బార్జి మీద వస్తుంది, ట్యాంకుల్లో ఎన్నాళ్లుందో మనకి తెలీదు. బోటు ఇంజన్లు ఎక్కువ శాతం ఆగేది డీజిల్ అయిపోయి కాదు, డీజిల్లో నీళ్లూ చెత్తా వచ్చి. ట్యాంకు అడుగునున్న బురద మామూలు రోజుల్లో కదలదు, కేప్ కాషన్ దగ్గర పసిఫిక్ అల తగిలి బోటు ఊగినప్పుడే మొత్తం కలిసిపోయి ఫిల్టరు మూసుకుపోతుంది. సరిగ్గా ఆగకూడని చోటే ఆగుతుంది అన్నమాట. అందుకని బయల్దేరేముందే ట్యాంకులు క్లీన్ చేయించు. ప్రైమరీ ఫిల్టర్లు కనీసం ఒక డజను పట్టుకెళ్లు, ఇంజన్ మీద ఉండే రెండు మైక్రాన్లవి కూడా. రెండు ఇంజన్లున్నాయి కాబట్టి ఒకటి ఆగినా ఇంకోటి ఉందిలే అనుకోకు, ఒకే బంకులో రెండు ట్యాంకులూ నింపితే రెండూ ఒకేసారి ఆగుతాయి. డౌటొచ్చిన చోట ఒక ట్యాంకులోనే పోయించు, రెండోది ముట్టుకోకు.

ఇంకా, పెద్ద ఫిషింగ్ బోట్లకి పోసే పైపుల్లో డీజిల్ ఫోర్స్‌గా వస్తుంది, నీ చిన్న ఫిల్లర్‌లోంచి నురగ కక్కి వెంట్‌లోంచి నీళ్లలో పడుతుంది. "స్లో" అని ముందే చెప్పాలి, చేతిలో డీజిల్ పీల్చే ప్యాడ్ ఉండాలి. ఆ ఊళ్లలో దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు, ఎందుకంటే 2016 అక్టోబరులో బెల్లా బెల్లా దగ్గర సీఫోర్త్ ఛానెల్లో నాథన్ ఈ స్టూవర్ట్ అనే టగ్గు రాళ్లెక్కి లక్ష లీటర్ల పైన డీజిల్ సముద్రంలో కలిసింది, అక్కడి ఆదివాసులైన హైల్ట్సుక్ వాళ్లు ఆల్చిప్పలు ఏరుకునే చోటే పాడైపోయింది. క్యాన్‌తో ఊగుతున్న డెక్ మీద డీజిల్ పోసుకుంటానంటే నేనైతే వద్దంటాను.

గేజిని నమ్మకు, ఇంజన్ గంటలు రాసుకో.

గోదారిబాబు_సియాటిల్

అబ్బో, అందరికీ చాలా థాంక్స్ అండి. ఆ 16 నాట్స్, ఏడున్నర నాట్స్ లెక్క మా ఆవిడకి చూపిస్తే "మరి ఇంత ఖరీదు పెట్టి స్పీడ్ బోట్ ఎందుకు కొన్నట్టు" అంది, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇంకో రెండు డౌట్లు. క్లెమ్టు, హార్ట్లీ బే లాంటి చోట్ల వెళ్లేసరికి బంకు మూసి ఉంటే ఏం చెయ్యాలి? రెండోది, మా అత్తగారు మామగారు ఇండియా నుంచి వస్తారు, అమెరికా బి2 (విజిటర్) వీసా మీద, వాళ్లని కూడా తీసుకెళ్లొచ్చా?

కెచికాన్_వాన

గోదారిబాబు గారూ, రెండో దానికి ముందు చెప్తాను, ఎందుకంటే దానికి టైమ్ పడుతుంది. మీకు గ్రీన్ కార్డ్ ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్, కార్డ్ రెండూ ఉంటే చాలు, కెనడా వీసా అక్కర్లేదు. మీ అత్తగారు మామగారికి మాత్రం కెనడా విజిటర్ వీసా వేరే కావాలి, అమెరికా బి2 ఉంటే సరిపోదు. రేపే అప్లై చేయించండి. కెనడాలోకి వెళ్లగానే సిడ్నీ లాంటి రిపోర్టింగ్ డాక్‌లో కస్టమ్స్‌కి చెప్పేదాకా వేరే ఎక్కడా ఆగకూడదు, లంగరు కూడా వెయ్యకూడదు. తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు కెచికాన్‌లో రిపోర్ట్ చెయ్యాలి. కెనడా, అలాస్కా మధ్య ఉన్న డిక్సన్ ఎంట్రన్స్ అనే జలసంధి దాటాక ఫాగీ బే అని మంచి చోటు ఉంది, రాత్రికి అక్కడ ఆగాలనిపిస్తుంది, కానీ కెచికాన్ కస్టమ్స్ వాళ్లకి ముందే ఫోన్ చేసి పర్మిషన్ తీసుకున్నాకే ఆగండి.

ఇక బంకులు. ఆ ఊళ్లలో ఫ్యూయల్ డాక్ అంటే 24 గంటలూ నడిచే పెట్రోల్ బంకు కాదు, పోసే మనిషి ఒక్కరే ఉంటారు, భోజనానికి వెళ్తారు, ఆదివారం రాకపోవచ్చు, ఊళ్లో ఎవరైనా పోతే ఊరంతా ఆగుతుంది, డాక్ కూడా. బార్జి లేటయితే పెట్రోల్ ఉండదు, డీజిల్ ఉంటుంది, లేదా దానికి ఉల్టా. ఫిషింగ్ ఓపెనింగ్ (చేపలవేటకి అనుమతిచ్చే రోజు) ముందు రోజైతే కమర్షియల్ బోట్ల వెనక క్యూలో నిలబడాలి, వాళ్లకి అది బతుకుతెరువు, మనకి షికారు, కాబట్టి వాళ్లని ముందు వెళ్లనివ్వండి. అందుకే నేను చేసేది ఏంటంటే, ఆదివారం సాయంత్రానికి చిన్న ఊరు చేరేలా ప్లాన్ వేసుకోను, ఒక రోజు ముందు శాటిలైట్ నెట్ మీద ఫోన్ చేస్తాను, దగ్గరికొచ్చాక వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలుస్తాను. బ్రిటిష్ కొలంబియాలో చాలా మెరీనాలు 66ఏ ఛానెల్ మీద పలుకుతాయి, పలకకపోతే 16. మూసి ఉంటే కంగారు పడకుండా డాక్‌కి కట్టేసి ఊళ్లోకి నడిచి అడగండి, తెల్లారేదాకా ఆగండి.

హార్ట్లీ బే గురించి ఒక మాట. రోడ్లుండవు, చెక్క నడకదారులే, ఊరు చాలా చిన్నది. 2006 మార్చి 22న అర్ధరాత్రి దాటాక క్వీన్ ఆఫ్ ద నార్త్ ఫెర్రీ గిల్ దీవికి కొట్టుకుని మునిగిపోతే, ఆ చీకట్లో తమ పడవలేసుకుని వెళ్లి జనాన్ని ఒడ్డుకి తెచ్చింది ఆ ఊరి వాళ్లే. 101 మందిలో 99 మంది బతికారు. అక్కడికి వెళ్లి "మీ బంకు టైమింగ్స్ ఇలా ఉన్నాయేంటి" అని రివ్యూలు రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి.

కెనడియన్ క్యాష్ కొంచెం దగ్గర పెట్టుకోండి, నెట్ పోతే కార్డ్ మెషిన్ పని చెయ్యదు. రేటు లీటర్లలో ఉంటుంది, వెయ్యి లీటర్లంటే 264 గాలన్లు, ఆ నంబర్ గుర్తుంటే చాలు.

ఉప్పునీళ్లు

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుత. డింగీ (ఒడ్డుకు పోయే చిన్న పడవ) అవుట్‌బోర్డ్ ఇంజన్‌కు పెట్రోల్ కావాలె కదా, అందరూ డీజిల్ లెక్కలేసుకొని దాన్ని మర్చిపోతరు. హార్డీల రెండు ఎర్ర క్యాన్లు నింపుకో, కేబిన్ల మాత్రం పెట్టకు, ఆవిరి కిందికి దిగి అడుగున పేరుకుంటది, పైన గాలి తగిలే కాడ కట్టు. ఇంకా డీజిల్ హీటర్ కూడ అదే ట్యాంకుల నుంచే తాగుతది, గంటకు లీటర్ లోపే గానీ జూన్‌ల కూడ రాత్రంత నడుస్తది, అత్తమామలుంటే అసలు ఆఫ్ చెయ్యనియ్యరు.

గోదారిబాబు_సియాటిల్

వీసా ఫారాలు ఇవాళే మొదలెట్టాం అండి. హార్డీలో ఫుల్ చేయించి, కేప్ కాషన్ ఒక్కటి వాతావరణం చూసుకుని కాస్త స్పీడుగా దాటి, మిగతాదంతా ఏడున్నర నాట్స్‌లో, షియర్‌వాటర్‌లో టాప్ అప్ చేసి, క్లెమ్టులో తెరిచుంటే కొంచెం, లేకపోతే లేదు, రూపర్ట్‌లో మళ్లీ ఫుల్. ఇలా అనుకుంటున్నా. జాలరిపేట తమ్ముడూ, ట్యాంక్ క్లీనింగ్ ఎవరి చేత చేయించాలో అనకోర్టెస్ వైపు తెలిసినవాళ్లుంటే మెసేజ్ పెట్టు.