శూన్యం, సున్న, గుంటూరు

గుంటూరు నుంచి ప్రశ్న:
మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. “బౌద్ధాచార్యుడు నాగార్జునుడు శూన్యవాది, ప్రపంచం శూన్యమని బోధించాడు” అని వాళ్ల పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. “ఏమీ లేదని చెప్పడానికి ఇరవై ఏడు ప్రకరణాల గ్రంథం ఎందుకమ్మా?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. శూన్యం అంటే ‘ఏమీ లేదు’ అనేనా? తెలిసినవారు చెప్పగలరు.

విజయవాడ నుంచి జవాబు:
అమ్మా, మీ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగింది. ఆ ఒక్క వాక్యం పాఠ్యపుస్తకాల్లో ఎంతో అన్యాయం చేసింది.

ముందు మన వాడుక చూద్దాం. జ్ఞానశూన్యుడు అంటాం. మనిషి ఉన్నాడు, లేనిది జ్ఞానం. శూన్యమాసం అంటాం. నెల మామూలుగానే గడుస్తుంది, లేనివి ముహూర్తాలు. వీధి జనశూన్యంగా ఉందంటే వీధి ఎక్కడికీ పోలేదు. కాబట్టి శూన్యం అన్న మాట వినగానే ‘ఏది శూన్యం?’ అని ఆగిపోకుండా ‘ఏమి లేక శూన్యం?’ అని అడగాలి. నాగార్జునుడి విషయంలో ఆ లేనిది స్వభావం. అంటే దేని ఆసరా లేకుండా, తనంతట తానుగా నిలిచే ఉనికి. అలాంటిది ఏ వస్తువుకూ లేదన్నాడు. వస్తువే లేదనలేదు. మీ అమ్మాయి చెప్పిన ఆ ఇరవై ఏడు ప్రకరణాల గ్రంథం, మూలమధ్యమకకారికలో, 24వ ప్రకరణంలో, ఆయన మాటే ఉంది:

యః ప్రతీత్యసముత్పాదః శూన్యతాం తాం ప్రచక్ష్మహే

ఒకదాన్ని ఆధారం చేసుకొని మరొకటి పుట్టడం ఉందే, దాన్నే మేము శూన్యత అంటున్నాం అని. పుట్టడం గురించి చెబుతుంటే లేకపోవడం గురించి అనుకున్నాం!

ఇక నాకు ప్రాణమైన సంగతి. సంస్కృత శూన్యం ప్రాకృతంలో సుణ్ణ, మన నోట సున్న. ఆ సున్నను మనం అంకెల్లోనే కాక అక్షరాల్లోనూ పెట్టుకున్నాం. మీ ఊరి నుంచి మా ఊరికి బస్సులో వస్తూ బోర్డులు చదవండి. ‘గుంటూరు’లో సున్న ‘ణ్’ అని పలుకుతుంది, పక్కన ట ఉంది కనుక. ‘నంబూరు’ రాగానే అదే సున్న ‘మ్’ అవుతుంది, బ వల్ల. ‘మంగళగిరి’లో గ కోసం నాలుక వెనక్కి పోయి ‘ఙ్’ అంటుంది. చందోలులో ‘న్’, పల్నాటి మంచికల్లులో ‘ఞ్’. ఒకే గుండ్రటి గీత, ఐదు ధ్వనులు. సున్నకు సొంత ధ్వని ఏది? లేదు. అలాగని సున్న లేదా? తీసేసి చూడండి, ‘గుటూరు’ మిగులుతుంది. అది ఊరు కాదు.

స్వభావం లేకపోవడమూ, అసలే లేకపోవడమూ వేర్వేరని ఇంతకన్నా దగ్గరగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా మన పెద్దలు దీనికి పెట్టిన పేరు నిండుసున్న! పూర్ణబిందువు. బోలుగా ఉన్నదాన్ని నిండు అన్న భాష మనది. ఆచార్యుడి పేరు మోసే కొండ, విశ్వవిద్యాలయం మన మధ్యనే ఉన్నాయి. ఆయన మాటకు అర్థం మాత్రం మనం తప్పుగా చెప్పుకుంటున్నామని నాకు బాధ.

తెనాలి నుంచి:
మాస్టారూ, గోడలకు వేసే సున్నం కూడా ఈ మాటేనా?

విజయవాడ:
కాదండీ. అది చూర్ణం నుంచి వచ్చింది. చూర్ణం, సున్నం. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ పుట్టిల్లు వేరు. ఆ మాట వింటే నాకు అమరావతి గుర్తొస్తుంది. స్తూపం మీది పాలరాతి లాంటి శిల్పాలను సున్నం కోసం బట్టీల్లో కాల్చారు. తథాగతుడి, అంటే బుద్ధుడి, కథలు చెక్కిన రాళ్లు గోడలకు పూతలైపోయాయి.

గుంటూరు:
నమస్కారం మాస్టారూ. మా అమ్మాయి రాత్రి కాగితం మీద ఊళ్ల పేర్లన్నీ రాసి సున్నల కింద గీతలు గీసింది. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసింది. “సున్న ట మీద ఆధారపడింది సరే. ‘ట్’ మాత్రం అచ్చు లేకుండా నిలబడుతుందా? అయితే అదీ శూన్యమేగా?”

విజయవాడ:
అమ్మా, ఈ ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మన వ్యాకరణంలో అచ్చులను ప్రాణాలనీ హల్లులను ప్రాణులనీ అంటారు. ప్రాణం లేనిదే ప్రాణి లేదు. మరి శూన్యత ఒక్కటైనా సొంత కాళ్ల మీద నిలుస్తుందా? అదీ నిలవదని ఆచార్యుడే 13వ ప్రకరణం చివర చెప్పాడు: శూన్యతనే ఒక సిద్ధాంతంగా పట్టుకొని కూర్చున్నవారు అసాధ్యులు, వైద్యానికి లొంగని రోగుల వంటివారని. మీ అమ్మాయిని ఆ ప్రకరణం చదవమనండి. ఎనిమిదే కారికలు, అంటే శ్లోకాలు. అర్థం కాని చోట ఇక్కడే అడగమనండి, కలిసి చదువుదాం.