‘భాగోతం’ అన్న మాటను ఆహ్వానపత్రంలో అచ్చువేయవచ్చునా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):

సభ్యులందరికీ నమస్కారం. మా వీధి అమ్మవారి పండగకు మహేంద్రతనయ అవతలి నుంచి, అంటే పాతపట్నం వైపు నుంచి, తూర్పు భాగోతం అనే వీధినాటకం ఆడే మేళాన్ని పిలుస్తున్నాము. ఆహ్వానపత్రం చిత్తుప్రతిలో నేను ‘తూర్పు భాగోతం’ అని రాశాను. ఫలానా వారి భాగోతం బట్టబయలైందని టీవీలో రోజూ వినిపించే మాటను అమ్మవారి పత్రంలో ఎలా వేస్తామని కమిటీలోని కుర్రవాళ్ళు అడ్డు చెప్పి, ‘భాగవత నృత్యరూపకం’ అని మార్చమంటున్నారు. మేళం వారు మాత్రం తమ ఆటను తరతరాలుగా భాగోతమనే అంటున్నారు. ఈ మాటకు చెడ్డ అర్థం ఎలా వచ్చింది? దీన్ని అచ్చువేయడం తప్పా? ఒడియా చదివే ఇరుగుపొరుగు కోసం కింద ఒక ఒడియా పంక్తి కూడా వేయవలసి ఉంది.

జవాబు (బరంపురం నుంచి):

అయ్యా, భాగోతం అన్నది భాగవతానికి వాడుక రూపమే. అయితే ఈ రెండు రూపాలూ ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా వేరుపడ్డాయి. పోతన గ్రంథమూ, పారాయణమూ, పుణ్యమూ భాగవతానికి దక్కగా, వీధి అరుగూ, గజ్జెలూ, మద్దెలా, తెల్లవార్లూ మేలుకుని చూసే జనమూ భాగోతానికి దక్కాయి. గ్రంథానికి ఒక రూపమూ ఆటకు మరొక రూపమూ స్థిరపడిన తరువాత, ఆటకు సంబంధించిన ఎత్తిపొడుపులన్నీ రెండవదాని మీదనే పడ్డాయి. భాగవతం బయటపడిందని ఎవరూ అనకపోవడం గమనించండి.

చెడ్డ అర్థం ఎలా వచ్చిందన్నదానికి నా ఊహ చెబుతాను. ఈ మేళాలు ఆడే భామాకలాపం అనే కథలో సత్యభామ అలుగుతుంది, విరహపడుతుంది, తన మొగుడైన కృష్ణుడి సంగతులన్నీ చెలికత్తె మాధవితో చెప్పుకుంటుంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండవలసిన తగువు ఊరి నడిబొడ్డున, దివిటీల వెలుగులో, పిల్లా పెద్దా అందరూ వినేటట్టు సాగుతుంది. ఏ ఇంటి గుట్టయినా వీధిన పడినప్పుడు ‘వాళ్ళ భాగోతం’ అనడానికి ఇంతకంటే తగిన పోలిక ఆ రోజుల్లో మరొకటి దొరికి ఉండదు. ఆటను ఊరంతా ఎరిగి ఉంటేనే ఇటువంటి పోలిక పుడుతుంది కనుక, ఈ తిట్టును నేను చనువు కిందనే లెక్కవేస్తాను. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత కూడా అటువంటిదే. మద్దెల మోత ఎప్పుడు సరిగా ఉన్నదో, ఆడేవారి కాలు ఎప్పుడు తప్పిందో పోల్చుకోగల ప్రేక్షకులున్న చోటనే ఆ సామెత నిలుస్తుంది. మద్దెల జోరుకు పేరుపొందిన తూర్పు భాగోతం ఆడే మన వైపు దానికి ఇంకా పదును ఎక్కువ.

అన్ని మాటలకూ ఈ సమర్థన చెల్లదు. ‘వంత పాడటం’ ముఖస్తుతి అయిపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. బుర్రకథలో వంతలు ఊరకే తందాన అనేవారు కారు. ప్రశ్న వేసి కథను మలుపు తిప్పేదీ, హాస్యం పండించేదీ, నడుస్తున్న రాజకీయాలను ఎత్తిపొడిచేదీ వారే. మన గంజాంలోని దాసకాఠియా అనే ఒడియా కథాగానంలో గాయకుడి పక్కన చెక్కలు వాయిస్తూ నిలిచే పాళియాను చూసినవారెవరూ ఆ పనిని తలూపడంగా భావించరు.

ఇక ఒడియా పంక్తి సంగతి. పదహారవ శతాబ్దంలో జగన్నాథదాసు ఒడియాలో రాసిన భాగవతాన్ని పల్లెపల్లెనా ‘భాగబత టుంగి’ అనే చావడిలో ఉంచి, పూజించి, చదివేవారు. ఒడియా చెవికి ఈ మాట పఠనాన్నే స్ఫురింపజేస్తుంది. గజ్జె కట్టిన సత్యభామ తలపుకు రాదు. కనుక ఆ మాటనే ఒడియా లిపిలోకి దించితే, పురాణం వినడానికి వచ్చినవారు మద్దెల మోతకు తెల్లబోతారు.

రాయగడ నుంచి ఒక సభ్యురాలు:

మాస్టారూ, మీరు చనువు అంటున్నదాన్ని నేను చిన్నచూపు అంటాను. ఆట ఆడేవారి కులాన్నీ, ఆ మేళాలలోని ఆడవాళ్ళ బతుకునూ తక్కువగా చూసిన సమాజమే ఈ మాటలన్నింటినీ తిట్లుగా మార్చింది. కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు భోగం మేళాలను వ్యతిరేకించారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ సంస్కరణ అవసరమైనదే. కానీ దురాచారంతో పాటు కళ కూడా అనుమానపు చూపుకు గురైంది కదా! ‘వేషాలు వేయకు’, ‘నాటకాలాడకు’, ‘తైతక్కలాడకు’ అని పిల్లలను అదిలించే ఇంట్లోనే, ఆ పిల్లలు వేదిక మీద శాస్త్రీయ నృత్యం చేస్తే చప్పట్లు కొడతారు.

జవాబు (బరంపురం నుంచి):

అమ్మా, మీరు చెప్పిన చిన్నచూపు నిజమే. అయినా అదొక్కటే కారణమైతే కూచిపూడి విషయం పొసగదు. అక్కడ తరతరాలుగా ఆడినవారు బ్రాహ్మణ పురుషులు. వారిని గౌరవంగా భాగవతులనీ, వారి బృందాన్ని భాగవత మేళమనీ అనేవారు. సంగీత నాటక అకాడమీ 1958లో ఢిల్లీలో జరిపిన నృత్య సదస్సులో కూచిపూడి, ఒడిస్సీ రెండూ తమ శాస్త్రీయతను వాదించుకుని, ఆ తరువాత దేశం మెచ్చిన నృత్యాలుగా నిలబడ్డాయి. ఆ గౌరవం ఊరి పేరుకు దక్కింది. భాగోతమన్న మాట వీధిలోనే మిగిలిపోయింది. దేశం ఒక కళను తన సంస్కృతిగా చెప్పుకోదలచినప్పుడు శాస్త్రం, లక్షణం, గురుపరంపర చూపమంటుంది. అవి కాగితం మీద చూపగలిగినవారు శాస్త్రీయ కళాకారులయ్యారు. తక్కినవారు జానపదం కింద చేరారు. ఒకే సత్యభామ ఒకచోట శాస్త్రీయమూ మరొకచోట జానపదమూ కావడంలో ఆమె దోషమేమీ లేదు.

వేషం గురించి మాత్రం మీతో కొంత విభేదిస్తాను. మా బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో మొక్కుకున్నవారు పులిగానో దేవతగానో వేషం కట్టి ఊరేగుతారు. యాత్రను ముందుండి నడిపించే దేరా నేతవారి మూలాలు తెలుగువే. ఒడియాలో ‘బేష’ అన్నా తెలుగులో వేషం అన్నా ఆ రోజుల్లో ఆ మాటకు మొక్కు తీర్చుకోవడమనే అర్థం. ‘వేషాలు వేస్తున్నాడు’ అన్న నింద అప్పుడు ఎవరికీ తోచదు. అంటే ఆట బతికి ఉన్న చోట మాట పరువు కూడా నిలుస్తున్నది. గంజాం పల్లెలలో ప్రహ్లాద నాటకం ఆడేవారి దగ్గర కూడా ఇదే చూస్తాము. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉన్న ఆ ఒడియా నాటకంలో పాటలకు కర్ణాటక రాగాలున్నాయి. మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు అడుగు వేస్తుంటే, చూడవచ్చిన తెలుగువారికి భాష పరాయిదైనా ఆట పరాయిది కాదు.

పర్లాకిమిడి వారికి: ‘తూర్పు భాగోతం’ అనే అచ్చువేయించండి. వాడుక మాటకు అచ్చులో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కడ ఈ మాటకు సంస్కృతపు ముసుగు వేస్తే బాగుండదు. ‘నృత్యరూపకం’ అని వేస్తే గంటసేపటి సభా కార్యక్రమం అనుకుని జనం భోజనాల వేళకు లేచిపోతారు, మేళం వారు నొచ్చుకుంటారు. తెలుగు పంక్తి కింద ‘సత్యభామ కథ, రాత్రంతా’ అని చేర్చండి. ఒడియా పంక్తిలో భాగబత అన్న మాటను వదిలేసి, ‘సత్యభామా నాట’ అని రాయించండి. కమిటీ కుర్రవాళ్ళు ఇంకా ఒప్పుకోకపోతే, మద్దెల వాయించే పెద్దాయన పేరును పత్రంలో ముందు వరుసలో వేస్తామనండి. వారి పట్టు కొంత సడలవచ్చు.