ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బళ్ల నుంచి రోడ్డు ఖర్చు ఎలా రాబట్టాలి?

ప్రశ్న: పెట్రోలు పన్నుతోనే రోడ్లు బాగుచేసే చోట, ఎలక్ట్రిక్ బండి నుంచి ఆ వాటా రాదు. ఏడాదికో స్థిర రుసుము చాలదా? హైబ్రిడ్ల సంగతేంటి?

జవాబు 1: స్థిర రుసుము వసూలుకు తేలికే గానీ న్యాయం కాదు. ఏడాదికి 3,000 కి.మీ. తిరిగేవాళ్లూ, 30,000 తిరిగేవాళ్లూ ఒకటే కట్టాలి. కిలోమీటరు లెక్కే సరైనది. లీటరు పన్నును 15తో భాగిస్తే, లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారు కిలోమీటరుకు కట్టేది తెలుస్తుంది. రేటు అక్కడ మొదలుపెట్టండి. మామూలు హైబ్రిడ్ (బ్యాటరీ సాయం ఉన్నా ఇంధనం పెట్రోలే) లీటరుకు 25 ఇస్తే ఇప్పటికే అందులో 60 శాతం కడుతోంది. మళ్లీ పూర్తి రుసుము వేయకూడదు.

జవాబు 2: ప్లగిన్ హైబ్రిడ్ (పెట్రోలుతోనూ, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసిన బ్యాటరీతోనూ నడిచేది) దగ్గరే చిక్కు. పెట్రోలు మీదా, కిలోమీటరు మీదా రెండుసార్లు పన్ను పడుతుంది. న్యూజిలాండ్ 2024 ఏప్రిల్ నుంచి వెయ్యి కి.మీ.కి ఎలక్ట్రిక్ కార్లకు 76 డాలర్లు, ప్లగిన్ హైబ్రిడ్లకు 38 పెట్టింది. సగం రేటు సబబే.

జవాబు 3: కిలోమీటర్లు లెక్కించడానికి జీపీఎస్ అక్కర్లేదు, ఓడోమీటర్ (బండి తిరిగిన దూరం చూపే మీటరు) రీడింగ్ చాలు. ఏటా తనిఖీలోనూ, బండి చేతులు మారినప్పుడూ నమోదు చేయాలి. లేకపోతే పాత బాకీ కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. మొత్తం ఒకేసారి అడిగితే ఎగవేతలు పెరుగుతాయి. నెలనెలా అంచనా మీద కట్టించుకుని, రీడింగ్ వచ్చాక సరిచేయాలి.

జవాబు 4: బరువు కూడా చూడాలి. ఒక్కో ఇరుసు మీద పడే బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల సుమారు 16 రెట్లు. అందుకే అసలు నష్టం లారీలది, బ్యాటరీ కార్లది కాదు. లారీలకు ఇరుసు లెక్కన వేరే రేటు ఉండాల్సిందే.

జవాబు 1 (మళ్లీ): కరెంటు మీద పన్ను మాత్రం వద్దు. ఇంటి మీటరుకు కారేదో, ఫ్రిజ్ ఏదో తెలియదు.