అపెండిక్స్ తీసేశాక మళ్ళీ అపెండిసైటిస్: ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

తణుకు నాన్న:
మా వాడికి పదకొండో ఏట 24 గంటల కడుపునొప్పి వస్తే అపెండిక్స్ ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు వాడికి పద్నాలుగు. పోయిన నెల మళ్ళీ అదే వరస. రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి, రెండు వాంతులు. తెల్లారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది, కాలు చాపలేకపోయాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే కుట్ల మచ్చ చూసి, "అపెండిక్స్ ఎప్పుడో తీసేశారుగా, గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ఒక రోజంతా అలా పోయింది. జ్వరం 102 దాటాక వేరేచోటికి పరిగెత్తాం.

అక్కడ సిటి స్కాన్ తీసి, అదే రాత్రి ఆపరేషన్ చేశారు. తర్వాత సర్జన్ గారు కేసు షీటు వెనక్కి తిప్పి బాల్‌పెన్నుతో బొమ్మ గీశారు. పెద్దపేగు మొదట్లో ఉండే సంచి, దాని కింద ఒక చిన్న తోక. దాన్ని అడ్డంగా కొట్టేసి, "ఇది మూడేళ్ళ కిందట తీసింది" అన్నారు. సంచి వెనకవైపు ఇంకో తోక గీసి, "ఇది ఇప్పుడు వాచింది. మీవాడికి పుట్టుకతోనే రెండున్నాయి" అన్నారు. మా ఆవిడ ఆ కాగితాన్ని అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకుంది.

పిల్లాడు కోలుకున్నాడు. టెన్షన్ మాత్రం తగ్గలేదు. మొదటిసారి చేసిన డాక్టరు రెండోదాన్ని చూడకపోవడం తప్పేనా? వాడికి లోపల ఇంకేమైనా తేడాలు ఉంటాయా?

సర్జరీ పీజీ, వరంగల్:
అన్నా, ముందుగా ఒక మాట. ఇది చాలా అరుదు. కాలిన్స్ అనే ఆయన 50,000 అపెండిక్సులు పరిశీలిస్తే జంట అపెండిక్స్ ఇద్దరిలోనే కనిపించింది. 1892లో పికోలి మొదటిసారి రాశారు. 1936లో కేవ్ వీటిని రకాలుగా విడదీశారు, 1962లో వాల్‌బ్రిడ్జ్ ఆ వర్గీకరణను సవరించారు. ఇప్పటికీ మేం చదివేది అదే.

ఎ రకంలో మొదలు ఒకటే, పైన రెండుగా చీలుతుంది. బి1లో చిన్నపేగు వచ్చి కలిసేచోట రెండువైపులా ఒక్కోటి ఉంటుంది. పక్షుల్లో ఇలాంటి ఏర్పాటే కనిపిస్తుంది. బి2లో ఒకటి మామూలు చోటే ఉంటుంది, రెండోది పేగు మీది కండర పట్టీ వెంబడి ఇంకోచోట ఉంటుంది. సి రకంలో ఆ పేగు సంచే రెండు, ఒక్కోదానికి ఒక్కో అపెండిక్స్. మీరు చెప్పిన బొమ్మ బి2లా ఉంది. బి1, సి రకాలతో పుట్టిన పిల్లల్లో మిగతా పేగుల్లో, మూత్ర వ్యవస్థలో కూడా లోపాలు ఉండొచ్చు. బి2లో సాధారణంగా అలా ఉండదు. అయినా డిశ్చార్జ్ సమ్మరీలో రకం ఏం రాశారో చూసి, ఒక అల్ట్రాసౌండ్ గురించి మీ సర్జన్ గారినే అడగండి.

తప్పా అంటే, నా వరకు కాదనే చెప్తాను. వాచిన అపెండిక్స్ ఎదురుగా కనిపిస్తే దాన్ని తీసేసి బయటికొస్తాం. పేగు వెనక దాక్కున్న రెండోది కెమెరాకి కూడా కనిపించకపోవచ్చు. కానీ మచ్చ చూసి పంపేయడం మాత్రం సరికాదు. మొదటి ఆపరేషన్లో మిగిలిన అపెండిక్స్ మొదలు ముక్క కూడా వాచే అవకాశం ఉంది కదా.

ఖమ్మం కోడలు:
మా మామయ్యగారిది వేరే కథ. 61 ఏళ్ళు వచ్చేవరకు ఆసుపత్రి మెట్లెక్కని మనిషి. ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి అంటే కిడ్నీలో రాయి అనుకున్నాం. ఛాతీ ఎక్స్‌రే తీసిన అబ్బాయి ఫిల్మ్ తిరగబడిందేమోనని మళ్ళీ తీశాడు. రెండోసారి కూడా గుండె కుడివైపే ఉంది! కాలేయం ఎడమన, అపెండిక్స్ ఎడమన, అన్నీ అద్దంలో చూసినట్టు. అంతకాలం ఎవరికీ తెలియదు.

సర్జరీ పీజీ, వరంగల్:
మేడమ్, అలాంటివారిలో కొందరికి అపెండిక్స్ ఎడమన ఉన్నా నొప్పి కుడివైపు వస్తుంది. అవయవాలు తారుమారైనా నరాలు అలా మారకపోవడమే కారణం అంటారు. ఆయనకి ఇసిజి తీసేటప్పుడు కూడా ముందే చెప్పండి, ఒంటికి తగిలించే లీడ్స్ (తీగలు) మార్చి పెట్టాలి.

నెల్లూరు చిన్నక్క:
మా చెల్లికి అసలు అపెండిక్సే లేదన్నారు. ఆపరేషన్ అయ్యాక ముక్కని డబ్బాలో పెట్టి చూపిస్తారుగా, దానికోసం థియేటర్ బయట ఎదురు చూశాం. డాక్టరుగారు ఖాళీ చేతులతో వచ్చి "కనబడలేదు" అన్నారు. నాన్న నమ్మలేదు, చాలా కోప్పడ్డారు. నాకూ ఇప్పటికీ అనుమానమే. నిజంగా అలా ఉంటుందా?

సర్జరీ పీజీ, వరంగల్:
ఉంటుందక్కా. 1718లోనే మోర్గాన్యి అనే ఇటలీ వైద్యుడు దీని గురించి రాశారు. అపెండిసైటిస్ అనుకుని పొట్ట తెరిచిన లక్షమందిలో ఒకరికి అని పుస్తకాల్లో ఉంటుంది. అందుకే లేదని తేల్చడం తేలిక కాదు. పెద్దపేగు మీద మూడు కండర పట్టీలుంటాయి, అవి మూడూ కలిసేచోటే అపెండిక్స్ మొదలు. ఆ పట్టీల వెంట చివరిదాకా వెళ్ళాలి, పేగుని పక్కగోడ నుంచి విడదీసి వెనకా వెతకాలి. అదంతా చేశారా అన్నది ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. నకలు అడిగి తీసుకోండి, వీడియో ఉంటే అదీ అడగండి. నాన్నగారి మనసు కుదుటపడుతుంది.

అనంతపురం టీచర్:
నాకు కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే అందరూ పిత్తాశయంలో రాళ్ళన్నారు. స్కానింగ్‌లో రాళ్ళు లేవు. చివరికి చూస్తే కాలేయం కింద అపెండిక్స్ వాచి ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పేగు 270 డిగ్రీలు తిరిగి, ఈ భాగం కాలేయం కింది నుంచి కిందికి దిగాలట. నాది మధ్యలోనే ఆగిపోయింది.

తణుకు నాన్న:
అందరికీ చాలా థాంక్స్. సమ్మరీలో బి2 అనే రాసుంది. నిన్న అల్ట్రాసౌండ్ చేయించాం, రెండు కిడ్నీలూ మామూలుగా ఉన్నాయి. అటునుంచి అటే మొదటి ఆపరేషన్ చేసిన డాక్టరుగారి దగ్గరికీ వెళ్ళాను, గొడవకి కాదు. బొమ్మ చూపిస్తే ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. "నా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో ఇదే మొదటిది" అని ఫోన్‌తో ఫోటో తీసుకున్నారు. మావాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, రెండు మచ్చలూ వేళ్ళతో నొక్కి చూసి పంపారు. ఫీజు తీసుకోలేదు.