షా ఎందుకు పడిపోయాడు? ఇరాన్ 1979 మీద చర్చ

పాతపటం
ఇరాన్‌లో రాజరికం ఎందుకు కూలింది అని అడిగితే చాలామంది "మతం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఇరాన్ రాజైన షాను దింపింది ధరలు. 1973 చివర్లో చమురు ధర నాలుగింతలైంది. వచ్చిన డబ్బంతా ఆగకుండా దేశంలో కుమ్మరించారు, ఇళ్ళ అద్దెలు ఆకాశాన్నంటాయి. 1963 భూసంస్కరణల్లో చారెడు నేల దక్కినవాళ్ళూ, అదీ దక్కనివాళ్ళూ టెహ్రాన్ దక్షిణం వైపు మురికివాడలకు చేరారు. షా ఆ నేరాన్ని బజారు వర్తకుల మీదికి నెట్టాడు. 1975లో అక్రమ లాభాల మీద పోరాటం పేరుతో కుర్రాళ్ళ గుంపులను దుకాణాల మీదికి తోలాడు. జరిమానాలు, జైళ్ళు, ఊళ్ళ నుంచి బహిష్కరణలు. 1977లో ప్రధానిగా వచ్చిన అముజెగార్ ఖర్చులకు కత్తెర వేసేసరికి కట్టడాల పనులు ఆగి కూలీలు రోడ్డున పడ్డారు. మసీదులను డబ్బుతో నిలబెట్టింది కూడా ఆ వర్తకులే. కాబట్టి మతం వెనక ఉన్నది కూడా ధరలే.

కొండగుర్తు
ఇంతకంటే ఎక్కువ ధరలున్న దేశాల్లో రాజులు హాయిగా ఉన్నారు కదండీ?

నిప్పురవ్వ
పాతపటం గారూ, మీరు జనాన్ని వట్టి పొట్టలుగా చూస్తున్నారు. 1953 ఊసే లేదు మీ పోస్టులో. చమురును జాతీయం చేసిన ప్రధాని మొసాద్దెక్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచారులు కుట్రచేసి దింపారు. రోమ్‌కు పారిపోయిన షాను వెనక్కి తెచ్చి కూర్చోబెట్టారు. ఆ కుర్చీ షాది కాదని దేశంలో ప్రతివాడికీ తెలుసు. 1957లో షా రహస్య పోలీసు సంస్థ సవాక్ పుట్టింది, అరెస్టులు, చిత్రహింసలు మామూలైపోయాయి. 1975లో ఉన్న పార్టీలన్నీ రద్దుచేసి తన రస్తాఖిజ్ పార్టీ ఒక్కటే ఉంచాడు. చేరడం ఇష్టం లేనివాళ్ళు పాస్‌పోర్టు తీసుకుని పోవచ్చన్నాడు. సొంత దేశంలో నీకు చోటు లేదు పొమ్మంటే ఏ మనిషి ఊరుకుంటాడు? దీనికి ధరల పట్టికతో పనేముంది?

చివరికి 1978 సెప్టెంబర్ 8న టెహ్రాన్‌లోని జాలే కూడలిలో వేలమందిని కాల్చి చంపాడు. ఆ రోజుతో రాజీకి దారి మూసుకుపోయింది.

పాతపటం
వేలమంది కాదు. కూడలిలో 64 మంది, ఆ రోజు టెహ్రాన్ మొత్తంలో 88 మంది. ఇది షా మనుషులు చెప్పిన లెక్క కాదు. విప్లవం తర్వాత అమరుల సంస్థలో పనిచేసిన ఇమాదుద్దీన్ బాఘీ పేర్లు చూసి తేల్చిన లెక్క.

నిప్పురవ్వ
88 మంది అయితే తప్పు కాదా? శవాలు లెక్కపెట్టి రాజును వెనకేసుకొస్తున్నారు.

పాతపటం
వెనకేసుకురావడం లేదు. మీరు వేలమంది అన్నారు, అది అబద్ధం అన్నాను. అంతే.

నిప్పురవ్వ
నేను అబద్ధం చెప్పలేదు. ఆనాడు జనం నమ్మింది చెప్పాను. రాత్రికి రాత్రి సైనిక శాసనం ప్రకటించి, ఆ సంగతి తెలియక పొద్దున్నే కూడలికి వచ్చినవాళ్ళ మీద కాల్పులు జరిపారు. అది జనం కళ్ళతో చూశారు.

పాతపటం
జనం నమ్మినదే చరిత్ర అయితే అబాదాన్ పట్టణం సంగతేమిటి? అదే ఏడాది ఆగస్టు 19న రెక్స్ సినిమా హాలు తగలబడి 400 మంది దాకా చనిపోయారు. తలుపులు మూసి సవాక్ కాల్చిందని దేశమంతా నమ్మింది. తర్వాత 1980లో కొత్త ప్రభుత్వమే విచారణ జరిపితే నిప్పు పెట్టినందుకు శిక్ష పడింది షాను వ్యతిరేకించే మతవాదికి. ఆ అబాదాన్‌లోనే పెద్ద చమురు శుద్ధి కర్మాగారం ఉంది. అక్కడి కార్మికుల కోపంలో ఆ మంట లేదంటారా? సంఖ్యల మీద నేనెందుకు పట్టుబడుతున్నానో ఇప్పటికైనా అర్థమవుతుందా?

వానచినుకు
ఈ రెండు పోస్టులతో చాలా తెలిసింది. కొనసాగించండి.

నిప్పురవ్వ
సవాక్ ఇరవై ఏళ్ళపాటు చేసిన పనులే జనాన్ని అలా నమ్మించాయి. నమ్మకం పోగొట్టుకున్న రాజు నిజం చెప్పినా ఎవరూ వినరు. అది అతని స్వయంకృతం.

సులోచన
మూడు రోజులుగా చదువుతున్నాను. చనిపోయినవాళ్ళ లెక్క దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. షా పోయాక ఏమైందో ఒక్కరూ రాయలేదు. 1979 ఫిబ్రవరి 11న విప్లవం గెలిచింది. అదే నెలలో కుటుంబ రక్షణ చట్టం పక్కన పెట్టారు. ఆడదానికి విడాకులు కోరే హక్కు ఇచ్చిన చట్టం అది. 1975లో ఆడపిల్ల పెళ్ళి వయసు 18కి పెంచారు, విప్లవం తర్వాత 9కి దించారు. దీన్ని ఫలితం అనరా?

నిప్పురవ్వ
సులోచన గారూ, అది వేరే విషయం. ఇక్కడ అడిగింది రాజరికం ఎందుకు కూలింది అని. తర్వాత విప్లవాన్ని ముల్లాలు దొంగిలించారు. దొంగతనం జరిగిందని ఇల్లు కట్టడమే తప్పంటామా?

సులోచన
దొంగిలించారు అనే మాట నాకు ఒప్పదు. దొంగ చెప్పి రాడు. విప్లవానికి నాయకుడైన మతగురువు ఖొమేనీ 1970లో ఇరాక్‌లోని నజఫ్‌లో ఉపన్యాసాలిచ్చి మరీ చెప్పాడు, పాలన మతవేత్త చేతిలో ఉండాలని. 1978లో పారిస్ దగ్గర కూర్చుని విలేఖరులకు వేరే మాట చెప్పాడు, నిజమే. కానీ దేశంలోని నాయకులకు మొదటి మాట తెలియదా? మొసాద్దెక్ పార్టీ అయిన నేషనల్ ఫ్రంట్ నాయకుడు సంజాబీ నవంబర్‌లో అక్కడికి వెళ్ళి రాజరికానికి చట్టబద్ధత లేదని మూడు ముక్కల ప్రకటన ఇచ్చి వచ్చాడు. కొత్త వ్యవస్థ ఇస్లాం, ప్రజాస్వామ్యం, స్వాతంత్ర్యం ఆధారంగా ఉంటుందట, రూపం ప్రజాభిప్రాయ సేకరణలో తేలుతుందట. అందులో పత్రికల గురించి ఒక్క వాక్యం లేదు, ఆడవాళ్ళ గురించి లేదు, మతవేత్తల అధికారానికి హద్దు గురించి లేదు.

పాతపటం
ఇది చాలా మంచి పాయింట్.

నిప్పురవ్వ
షరతులు రాసుకుంటూ కూర్చునే సమయమా అది? డిసెంబర్ 10, 11 తేదీల్లో మొహర్రం నెలలోని తాసువా, ఆషూరా ఊరేగింపులకు దేశమంతా లక్షల జనం రోడ్డెక్కారు. ఎదురుగా నాలుగు లక్షల సైన్యం. చమురు కార్మికులు సమ్మెకు దిగి రోజుకు 50 లక్షల పీపాలకు పైగా ఉన్న ఉత్పత్తిని అడుగంటించారు. వర్తకుడు, కార్మికుడు, విద్యార్థి, ముల్లా, కమ్యూనిస్టు అందరూ ఒక్క మాట మీద ఉన్నారు కాబట్టే జనవరి 16న షా విమానం ఎక్కాడు. ఎవరి షరతు వాళ్ళు తీసి ఉంటే సైన్యం ఒక్కొక్కళ్ళనీ ఏరేసేది.

నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను పనిచేసిన ఫ్యాక్టరీలో సమ్మె చేశాం. సగం దారిలో ఒక విభాగం వాళ్ళు తమ డిమాండ్ ముందు తేలాలని పక్కకు జరిగారు. యాజమాన్యం వాళ్ళను పిలిచి మాట్లాడింది, మమ్మల్ని గేటు బయట నిలబెట్టింది. ఉద్యోగం పోయింది. మళ్ళీ రాలేదు. విడిపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

సులోచన
మీకు జరిగింది అన్యాయమే. నాకు జరిగిందీ వినండి. మా ఉపాధ్యాయుల సమ్మెలో సగం మందికి పైగా ఆడవాళ్ళం. ప్రసూతి సెలవు, బడిలో మాకు మరుగుదొడ్డి అడిగాం. "ముందు జీతాల సంగతి తేలనివ్వండి, తర్వాత అందరం కలిసి మీకోసం నిలబడతాం" అన్నారు. జీతాలు పెరిగాయి. ఆ తర్వాత ఎన్ని సమావేశాల్లో లేచి అడిగినా ఎజెండాలోకి ఎక్కలేదు. నేను రిటైరయ్యేదాకా అంతే.

అందుకే 1979 మార్చి 8 గురించి చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు. ఖొమేనీ అంతకు ముందు రోజే, ప్రభుత్వ కార్యాలయాలకు ఆడవాళ్ళు హిజాబ్‌తో రావాలన్నాడు. మర్నాడు మంచు పడుతుంటే టెహ్రాన్‌లో వేలమంది ఆడవాళ్ళు రోడ్డెక్కారు. వెనక్కి పోవడానికి మేం విప్లవం చేయలేదు అని నినదించారు. వాళ్ళలో చాలామంది షాకు వ్యతిరేకంగా నడిచినవాళ్ళే. వాళ్ళ మీద దాడులు జరుగుతుంటే వామపక్షాల్లో చాలావరకు ఏమన్నాయి? ఇది సమయం కాదు, సామ్రాజ్యవాదంతో పోరాటం ముందు అన్నాయి.

నిప్పురవ్వ
అమ్మా, మీ మరుగుదొడ్డికీ ఇరాన్ విప్లవానికీ ముడిపెట్టి ఉద్యమాలన్నిటినీ తప్పుపట్టడం అన్యాయం.

సులోచన
మీ ఫ్యాక్టరీకీ విప్లవానికీ ముడి పెట్టవచ్చు, నా బడికి పెట్టకూడదా?

వేదిక నిర్వాహకులు
ఇద్దరూ కాస్త శాంతించండి. వ్యక్తిగతంగా వద్దు.

కొండగుర్తు
వ్యక్తిగతమే అసలు విషయం అనిపిస్తోంది నాకు. నిప్పురవ్వ గారి ప్రశ్న రాజును దింపడం ఎలా అని. సులోచన గారి ప్రశ్న దింపేటప్పుడు పక్కనున్నవాడితో ఏం ఒప్పందం చేసుకోవాలి అని. మొదటి నుంచీ ఇద్దరూ దీన్నే తిప్పి తిప్పి చెబుతున్నారు.

నిప్పురవ్వ
సరే, సూటిగా అడుగుతాను. మీ షరతుల మీద ఖొమేనీ సంతకం పెట్టను అంటే మీరు ఏం చేసేవారు? షా పక్కన నిలబడేవారా?

సులోచన
షా పక్కన నిలబడను. అలాగని ఖొమేనీ ఫొటో మోస్తూ నడవను. సమ్మెలో ఉంటాను, నా డిమాండ్ నా చేతిలో ఉంటుంది. అందరూ తమ జెండాలు మడిచి ఒక్కరి వెనక నిలబడ్డారు కాబట్టే షా పోయిన రోజున దేశంలో మిగిలిన ఒకే ఒక్క అధికారం ఆ ఒక్కడిది. విప్లవం తర్వాత బజర్గాన్ ప్రధాని అయ్యాడు, 1979 నవంబర్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమించిన రెండు రోజులకే రాజీనామా చేశాడు. బనీసదర్ అధ్యక్షుడయ్యాడు, 1981లో తప్పించారు. కమ్యూనిస్టుల తూదే పార్టీ చివరిదాకా సమర్థించింది, 1983లో ఆ నాయకులనే జైల్లో వేశారు. 1979 మార్చి 30, 31 తేదీల్లో ఓటు పెట్టినప్పుడు అడిగింది ఒక్కటే ప్రశ్న. ఇస్లామిక్ రిపబ్లిక్, అవునా కాదా. 98 శాతానికి పైగా అవును వచ్చిందన్నారు. వేరే దారి ఆ కాగితం మీదే లేదు.

నిప్పురవ్వ
ఆ ఓటును వామపక్ష గెరిల్లాలైన ఫెదాయీలు బహిష్కరించారు. అది మీరు రాయలేదు.

సులోచన
బహిష్కరించారు. ముందుగా షరతు పెట్టిన నాయకుడు ఒక్కడి పేరు చెప్పండి.

నిప్పురవ్వ
హెదాయతుల్లా మతీన్ దఫ్తరీ. మొసాద్దెక్ మనవడు. నేషనల్ డెమోక్రటిక్ ఫ్రంట్ పెట్టాడు, ఆడవాళ్ళ ఊరేగింపును సమర్థించాడు, ఓటునూ బహిష్కరించాడు.

సులోచన
ఆ పార్టీ పుట్టింది 1979 మార్చిలో. నేను అడిగేది అంతకు ముందు నెలల గురించి.

నిప్పురవ్వ
అంతకు ముందు నెలల్లో అలా అడిగి ఉంటే షా ఇంకా కుర్చీలోనే ఉండేవాడు. ఎన్నిసార్లు అడిగినా నా జవాబు ఇదే.